టర్కీ కోళ్ళ వాన: 1978 నాటి ఓ నవ్వుల ఎపిసోడ్

అక్క: అందరికీ నమస్కారం. ఈ వారం మనం 1978 అమెరికాకి వెళ్తున్నాం. డిస్కో ఊపేస్తున్న రోజులు. సీబీఎస్ టీవీ ఛానెల్‌లో వచ్చిన కామెడీ సీరియల్ 'డబ్ల్యూకేఆర్‌పీ ఇన్ సిన్సినాటి', అందులో అక్టోబర్ 30న ప్రసారమైన 'టర్కీస్ అవే' అనే ఎపిసోడ్. చూశావా తమ్ముడూ?

తమ్ముడు: చూశానక్కా. డిస్కో రోజులన్నావు, వీళ్ళ స్టేషన్‌లో డిస్కో ఊసే లేదు!

అక్క: ఉండదురా. నష్టాల్లో ఉన్న రేడియో స్టేషన్ అది. పెద్దవాళ్ళకి జోకొట్టే సంగీతం ఆపేసి, ఆండీ అనే కుర్రాడు రాక్ పాటలు పెట్టించాడు. అక్కడ పాటలు వేసే డీజే జానీ ఫీవర్‌కైతే డిస్కో పేరెత్తితేనే ఒళ్ళు మంట.

తమ్ముడు: నాకు మేనేజర్ కార్ల్‌సన్‌ని చూస్తే జాలేసింది. స్టేషన్ వాళ్ళమ్మది, ఈయనకేమో పని లేదు. అందరి దగ్గరికీ వెళ్ళి కెలుకుతుంటాడు. వాళ్ళు పైకి మర్యాదగానే మాట్లాడతారు కానీ, ఎప్పుడు కదులుతాడా అని చూస్తుంటారు.

అక్క: అందుకే గుట్టుగా థాంక్స్‌గివింగ్‌కి, అదే అమెరికన్లు టర్కీ కోడి వండుకు తినే పండగకి, స్టేషన్ కోసం పెద్ద ప్రచారం ప్లాన్ చేశాడు. షాపింగ్ మాల్ మీద హెలికాప్టర్, కింద జనం. పైనుంచి బతికున్న టర్కీ కోళ్ళని వదలడం!

తమ్ముడు: ఆ సీన్ కోసమే కాచుక్కూర్చున్నా. తీరా చూస్తే ఒక్క కోడి కూడా కనపడదు!

అక్క: నన్నడిగితే ఎపిసోడ్ నిలబడిందే అక్కడ. మనకి కనిపించేది మాల్ ముందు మైకు పట్టుకున్న లెస్ నెస్‌మన్, అదే స్టేషన్‌లో వార్తలు చదివేవాడు, ఒక్కడే. ముందు హెలికాప్టర్ వెనక బ్యానర్ మీది అక్షరాలు కూడబలుక్కుని చదువుతాడు. తర్వాత ఏదో కింద పడుతోందంటాడు. పారాచూట్లు తెరుచుకోవట్లేదేంటని కంగారుపడతాడు. అవి కోళ్ళని తెలిసేసరికి గొంతు మారిపోతుంది చూడు! 1937లో హిండెన్‌బర్గ్ అనే జర్మన్ గాలినౌక తగలబడినప్పుడు రేడియో రిపోర్టర్ ఎలా ఏడ్చాడో, అచ్చం ఆ ధోరణిలోకి వెళ్ళిపోతాడు. తడి సిమెంటు బస్తాల్లా పడుతున్నాయంటాడు.

తమ్ముడు: స్టూడియోలో వింటున్నవాళ్ళ మొహాలు చూడాలక్కా. మనం నవ్వేది సగం వాళ్ళని చూసే.

అక్క: కోళ్ళని చూపించి ఉంటే పాపం అనిపించేది. రేడియో వాళ్ళ కథ కాబట్టి రేడియోలాగే వినిపించారు.

తమ్ముడు: అన్నట్టు, లెస్ టేబుల్ చుట్టూ నేల మీద ఆ టేపేంటి?

అక్క: గోడలు! అతనికి గది ఇవ్వలేదు, అందుకని టేపు వేసుకున్నాడు. లేని తలుపు తట్టి లోపలికి రావాలన్నమాట. పైగా ప్రతి ఎపిసోడ్‌లోనూ ఒంటి మీద ఎక్కడో ఓ చోట బ్యాండేజ్ ఉంటుంది.

తమ్ముడు: చివర్లో కార్ల్‌సన్ బట్టలు చిందరవందరగా వచ్చి, దేవుడి సాక్షిగా టర్కీలు ఎగురుతాయనే అనుకున్నానంటాడు. నిజంగా ఎగరవా?

అక్క: అడవి టర్కీలు ఎగురుతాయి. మాంసం కోసం బరువెక్కించి పెంచిన ఫారం టర్కీలు ఎక్కడ ఎగురుతాయి! ఆ మాట కార్ల్‌సన్‌గా వేసిన గార్డన్ జంప్ నవ్వించాలని చూడకుండా, పూర్తి సీరియస్‌గా అంటాడు. వేరే నటుడైతే కాస్త ఎక్కువ చేసి చెడగొట్టేవాడేమో.

తమ్ముడు: కార్ల్‌సన్ జానీ దగ్గరికెళ్ళి, పాటలో కుక్కలు మొరుగుతున్నాయా అని అడుగుతాడని చెప్పావు. నేను చూసిన దాంట్లో లేదే?

అక్క: అది పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బ్యాండ్ పాటరా. సినిమా ఫిల్మ్ మీద కాకుండా వీడియో టేపు మీద తీస్తే పాటల హక్కులు చవగ్గా వచ్చేవి, అందుకే ఈ షో టేపు మీద తీశారు. ఆ హక్కుల గడువు తీరాక అసలు పాటలు పీకేసి ఊరూపేరూ లేని సంగీతం అతికించారు. కొన్ని కాపీల్లో మాటలు కూడా పోయాయి. 2014లో వచ్చిన డీవీడీల్లో చాలా పాటలు మళ్ళీ పెట్టారు, దొరికితే అవే చూడు.

తమ్ముడు: మరి ముందే చెప్పొచ్చుగా!

అక్క: చెబితే నువ్వు డీవీడీ కోసం వెతుక్కుంటూ కూర్చునేవాడివి, ఈ వారం ఎపిసోడ్ ఉండేది కాదు.