లప్పంలో పుట్టిన నిఘా విమానం: స్పిట్‌ఫైర్ పీఆర్ 11 స్కేల్ మోడల్

[దృశ్యం: పని బల్ల. బూడిద రంగు ప్లాస్టిక్ రెక్క ఒకటి కెమెరాకు దగ్గరగా.]

నమస్కారం. మీరు చూస్తున్నది రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ నడిపిన స్పిట్‌ఫైర్ విమానపు కుడి రెక్క. అసలు రెక్కలో ఇది 48వ వంతు. అసలు విమానం రెక్కల వెడల్పు ఈ కొస నుంచి ఆ కొసకు 11.23 మీటర్లు కాగా, మన మోడల్‌లో అది 23 సెంటీమీటర్లు దాటి మరి కాస్త వస్తుంది. కిట్‌లో, అంటే అతికించుకోవడానికి విడి ముక్కలుగా అమ్మే పెట్టెలో, వచ్చిన ఈ రెక్క యుద్ధవిమానానిది కనుక దీని అంచున ఫిరంగి గొట్టం, పైన దాని ఉబ్బు, కింద తూటాల ఖాళీ తొడుగులు రాలిపడే సందులు ఉన్నాయి. మనం తయారు చేయబోయేది మాత్రం ఒక్క తుపాకి కూడా లేని పీఆర్ (ఫొటో రికనైసెన్స్, అంటే ఫొటోలతో నిఘా) 11 అనే రకం. దీని పైలట్ శత్రువుల నేల మీదికి ఒంటరిగా వెళ్ళి, ఫొటోలు తీసుకొని, వేగాన్నీ ఎత్తునూ మాత్రమే నమ్ముకొని తిరిగి రావాలి. అందువల్ల ఈ మోడల్‌లో అతికించే పని కంటే కోసేసి, పూడ్చి, నునుపు చేసే పనే ఎక్కువగా ఉంటుంది.

[దృశ్యం: చిన్న గరిటెతో లప్పం తీసుకొని తుపాకి రంధ్రంలో నింపడం.]

ఈ లప్పం పనికి ఒక చరిత్ర ఉంది. నెమ్మదిగా కదిలే, ఆయుధాలు మోసే విమానాలను ఫొటోల కోసం పంపడం వృథా అనీ, చిన్నదైన, వేగవంతమైన, నిరాయుధమైన విమానమే అందుకు తగినదనీ మారిస్ లాంగ్‌బాటమ్ అనే అధికారి 1939 ఆగస్టులో ఒక నివేదిక రాశాడు. ఆస్ట్రేలియాలో పుట్టిన సిడ్నీ కాటన్ లండన్ పక్కనున్న హెస్టన్ విమానాశ్రయంలో ఆ ఆలోచనను ఆచరణలో పెట్టాడు. అక్టోబరు చివర చేతికొచ్చిన రెండు స్పిట్‌ఫైర్లలో తుపాకులు తీయించి, రంధ్రాలపై లోహపు రేకులు బిగించి, అతుకుల సందులన్నీ ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో నింపించి, లేత ఆకుపచ్చ రంగు వేయించి, అద్దంలా మెరిసేదాకా రుద్దించాడు. నవంబరు 18న లాంగ్‌బాటమ్ స్వయంగా ఫ్రాన్స్‌లోని సెక్లిన్ నుంచి అందులో ఒకదానిని సుమారు 33,000 అడుగుల ఎత్తుకు తీసుకువెళ్ళి, జర్మనీలోని ఆఖెన్ నగరాన్ని ఫొటో తీయడానికి ప్రయత్నించాడు. అంటే ఈ బల్ల దగ్గర మనం చేస్తున్న పనిని హెస్టన్ పనివారు అసలు విమానం మీదే చేశారు. మోడళ్ళు చేసేవారిలో చాలామందికి లప్పం పని విసుగు. నాకు మాత్రం ఈ ఒక్క విమానం విషయంలో అదే అసలైన పని అనిపిస్తుంది.

[దృశ్యం: నీళ్ళలో తడిపిన ఎమరీ పేపర్‌తో రెక్క ముందంచు రుద్దడం.]

పీఆర్ 11లో తుపాకులు, వాటి తూటాల పెట్టెలు పోగా మిగిలిన చోటు పెట్రోలుకు దక్కింది. రెక్క ముందంచునే ట్యాంకుగా మార్చి ఒక్కొక్క వైపు 66 గ్యాలన్లు, అంటే సుమారు 300 లీటర్లు నింపేవారు. అమెరికా వాయుసేనకు చెందిన వాల్టర్ వైట్నర్ 1944 మార్చి 6న ఇదే రకం విమానంలో ఇంగ్లండు నుంచి బెర్లిన్ దాకా వెళ్ళి ఫొటోలతో తిరిగి వచ్చాడంటే అందుకు ఆ ట్యాంకులే ఆధారం. కాబట్టి కిట్ తయారీదారు ముందంచున గీసిన తుపాకి తలుపుల గీతలను ఒక్కటి కూడా మిగల్చకుండా పూడ్చాలి. లప్పాన్ని ఒకేసారి దట్టంగా పెట్టకండి. పలుచగా ఒక పూత పెట్టి, రాత్రంతా ఆరనిచ్చి, మరునాడు రెండో పూత పెట్టండి. తొందరపడితే పైన ఆరినట్టు కనిపించినా లోపల మెత్తగానే ఉండి, రంగు వేసిన వారానికి గుంట పడుతుంది. 400 నంబరు ఎమరీ పేపర్‌తో మొదలుపెట్టి, ఇంకా నునుపైన 600 మీదుగా 1000కి వెళ్ళండి. కళ్ళు మూసుకొని వేలి కొనతో అంచు వెంట నెమ్మదిగా తడిమి చూడండి, ఎందుకంటే కంటికి దొరకని మెట్టు వేలికి దొరుకుతుంది. పదో వంతు మిల్లీమీటరు సందు మిగిలినా, 48 రెట్లు చేసి చూస్తే అసలు విమానం మీద అర సెంటీమీటరు పగులుతో సమానం.

ఆ నునుపు ఎంత విలువైనదో చెప్పే ఒక ఘటన ఉంది. ధ్వని వేగానికి చేరువలో విమానం ఎలా ప్రవర్తిస్తుందో తెలుసుకోవడానికి ఇంగ్లండులోని ఫార్న్‌బరో విమాన పరిశోధన కేంద్రం వారు ఎంచుకొన్నది పీఆర్ 11నే. 1944 ఏప్రిల్‌లో మార్టిన్‌డేల్ అనే పైలట్ దానిని చాలా ఎత్తు నుంచి ముక్కు కిందికి వంచి వేగంగా దించుతుండగా ప్రొపెల్లర్ ఊడిపోయింది. ఇంజన్ బలం లేని ఆ విమానాన్ని ఆయన సుమారు 20 మైళ్ళు తేల్చుకుంటూ తెచ్చి, బయలుదేరిన చోటే దించాడు.

[దృశ్యం: విమానం ముక్కు పక్క నుంచి, కింది భాగంలో ఎపాక్సీ ముద్ద.]

ఇప్పుడు ముక్కు సంగతి. గంటల తరబడి ఎగరాలంటే ఇంజన్ నూనె కూడా ఎక్కువ కావాలి. అందుకని ముక్కు కింద పెద్ద నూనె ట్యాంకు అమర్చారు, దానితో గదవ కిందికి జారినట్టయింది. పీఆర్ 11ను పక్క నుంచి చూసి గుర్తుపట్టేది ఈ గదవతోనే. రెండు రకాల ఎపాక్సీ ముద్దలను కలిపి, తడి వేలితో అక్కడ మెత్తి, గట్టిపడ్డాక అరగదీయండి. ఫొటో పక్కన పెట్టుకొని చేయండి, ఎందుకంటే రెండు మిల్లీమీటర్లు ఎక్కువైతే విమానానికి గవదబిళ్ళలు లేచినట్టు ఉంటుంది. తోక చక్రం కూడా లోపలికి ముడుచుకొనేదే కనుక, కిట్‌లోని స్థిరమైన చక్రం పక్కన పెట్టండి.

[దృశ్యం: చెక్క అచ్చు మీద వేడిచేసిన పారదర్శక ప్లాస్టిక్ రేకును లాగడం.]

పైలట్ ముందు అద్దం దగ్గర నేను ఒకసారి దెబ్బతిన్నాను. యుద్ధవిమానానికి ముందు వైపు తూటా తగలకుండా మందపాటి చదును అద్దం ఉంటుంది. నిఘా విమానంలో ఆ బరువు తీసేసి, గుండ్రని పలుచని అద్దం పెట్టారు. దానిని మనమే చేసుకోవాలి. మెత్తని చెక్కను ఆ ఆకారంలో చెక్కి, పారదర్శకమైన ప్లాస్టిక్ రేకును కొవ్వొత్తి సెగకు దూరంగా వేడిచేసి, మెత్తబడగానే అచ్చు మీదికి లాగితే అద్దం వస్తుంది. నాకు ఏడో ప్రయత్నంలో కానీ ముడత లేనిది రాలేదు. అంత కష్టపడి చేసిన దానిని తొందరలో సూపర్ గ్లూతో అతికించాను. తెల్లవారి చూస్తే దాని ఆవిరి తగిలి అద్దం లోపలి వైపు పాలు పోసినట్టు తెల్లబడిపోయింది. అప్పటి నుంచి పారదర్శక భాగాలన్నింటికీ ఆరాక పారదర్శకంగా మారే తెల్ల జిగురునే వాడుతున్నాను.

[దృశ్యం: ఎయిర్‌బ్రష్‌తో నీలం రంగు పూత.]

రంగు విషయానికి వస్తే, కాటన్ కాలపు లేత ఆకుపచ్చ తరువాత, మబ్బుల కిందుగా తక్కువ ఎత్తులో ఎగిరే నిఘా విమానాలకు గులాబీ రంగు, చాలా ఎత్తులో ఎగిరేవాటికి బూడిద కలిసిన నీలం స్థిరపడ్డాయి. మనది పైనుంచి కిందిదాకా ఆ నీలమే. సీసాలోని రంగును ఉన్నదున్నట్టు వాడితే ఇంత చిన్న మోడల్ మీద ముదురుగా కనిపిస్తుంది కాబట్టి పది చుక్కలకు ఒక చుక్క తెలుపు కలపండి. మా కోస్తా ఊళ్ళలో వర్షాకాలపు సాయంత్రం లాకర్ వార్నిష్ కొడితే తేమకు తెల్లని పొర కమ్ముతుంది, అందుచేత ఆ పని పొడి గాలి ఉన్న మధ్యాహ్నానికి వాయిదా వేసుకోండి.

[దృశ్యం: నీటిలో నానిన డెకాల్‌ను కుంచెతో జరపడం.]

గుర్తుల కోసం నేను 681వ స్క్వాడ్రన్‌ను ఎంచుకొన్నాను. కలకత్తా డమ్‌డమ్‌లో 1943 జనవరిలో ఆ పేరుతో ఏర్పడిన ఈ దళం బర్మా మీద నిఘా నడిపింది. నిజాం నవాబు ధనసాయం కారణంగా హైదరాబాదు పేరు పెట్టుకొన్న 152వ స్క్వాడ్రన్ కూడా స్పిట్‌ఫైర్లనే నడిపింది కనుక దానిని చేయాలన్న కోరిక నాకూ కలిగింది, కానీ అది తుపాకులున్న యుద్ధవిమానాల దళం. ఇంగ్లండులోని నిఘా విమానాల మీద ఎరుపు, నీలం వలయాలు ఉండగా, మన తూర్పు వైపు విమానాల మీద ఎరుపే ఉండేది కాదు. జపాను విమానాల మీది ఎర్రని సూర్యబింబంతో పొరబడి సొంతవారే కాల్చకుండా ఎరుపు తీసేసి, ముదురు నీలం మధ్యలో లేత నీలం చుక్క పెట్టారు. డెకాల్, అంటే నీటిలో నానబెట్టి అతికించే ఈ గుర్తుల పలుచని పొర, పెట్టే ముందు రంగు మీద మెరిసే గ్లాసీ వార్నిష్ తప్పక కొట్టాలి. గరుకు ఉపరితలం మీద పెడితే కింద గాలి చిక్కుకొని వెండిలా మెరుస్తుంది.

[దృశ్యం: మోడల్‌ను తిరగేసి పొట్ట భాగం చూపించడం.]

ఇక మిగిలింది ఈ విమానం దేనికోసం పుట్టిందో ఆ భాగం. పైలట్ వెనుక, పొట్టలో రెండు నిలువు కెమెరాలు ఉంటాయి. 36 అంగుళాల నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) ఉన్న, దూరాన్ని దగ్గరగా చూపే కటకాలతో అవి నేలను చూస్తాయి. బయటికి కనిపించేది మినపగింజంత ఉన్న రెండు గుండ్రని కిటికీలు మాత్రమే. రంగు వేయడానికి ముందే వాటిని చేతి డ్రిల్లుతో తొలిచి, లోపల నలుపు పూసి ఉంచాలి. మెరుపు తగ్గించే మ్యాట్ వార్నిష్ కూడా అయిపోయాక, అన్నిటికంటే చివర, అగ్గిపుల్ల మొనతో ఒక్కొక్క రంధ్రంలో ఒక చుక్క పారదర్శక జిగురు వదలండి. ఆ రెండు చుక్కలూ గాజులా గట్టిపడేదాకా మోడల్‌ను వెల్లకిలా, మెత్తని గుడ్డ మీద పడుకోబెట్టండి.