పిల్లల షూటింగ్ క్లాసుకి ఏ ఎయిర్ రైఫిల్? నాలుగు రైఫిళ్లు, ఒక టేపు

నమస్తే అండి. ముందు ఈ టేబుల్ చూడండి. నాలుగు రైఫిళ్లున్నాయి, పక్కనే టైలర్లు వాడే కొలతల టేపు ఉంది. ఈ వీడియోలో నేను ఎక్కువగా చేతిలోకి తీసుకోబోయేది ఆ టేపే.

ఇంకో మాట. ప్రతి బారెల్లోంచీ నారింజ రంగు దారం బయటికి కనిపిస్తోంది కదా, అంటే లోపల పెల్లెట్, అదే ఎయిర్ రైఫిల్ పేల్చే చిన్న గుండు, లేదని అర్థం. కెమెరా ముందు షో కోసం పెట్టినవి కావు. మా దగ్గర రైఫిల్ టేబుల్ మీదుంటే దారం అందులో ఉండాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతి. స్కూల్లోనో క్లబ్బులోనో పిల్లలకి టార్గెట్ షూటింగ్ మొదలుపెడుతున్న వాళ్లందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఏ రైఫిల్ కొనాలి? నన్నడిగితే, ముందు పిల్లల్ని కొలవండి, తర్వాత రైఫిల్ సంగతి చూద్దాం.

ఎందుకంటే చాలామంది గురి చూసి కొంటారు. అది అర్థం చేసుకోదగ్గదే. 10 మీటర్ల దూరం, పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు, పది పాయింట్ల చుక్కేమో అర మిల్లీమీటరే. ఆ లెక్క వినగానే భయమేసి, అన్నిటికన్నా ఖచ్చితమైన రైఫిల్ ఏదో అది తెచ్చేయాలనిపిస్తుంది. కానీ ఈ దూరంలో మామూలు మ్యాచ్ రైఫిల్‌ని, అంటే పోటీల కోసం చేసిన రైఫిల్‌ని, బిగించి కాల్చినా పెల్లెట్లన్నీ దాదాపు ఒకే రంధ్రంలో పడతాయి. ఆ తర్వాత లెక్కంతా దాన్ని పట్టుకున్న పిల్లవాడి ఒంటిది.

నేను చేసిన తప్పు చెప్తాను. మా దగ్గరికి ఒక పదకొండేళ్ల పాప వచ్చేది. తనకి ఇదిగో, ఈ చివర ఉన్న పాత ఫైన్‌వెర్క్‌బౌ 300ఎస్ ఇచ్చాను. పెద్దవాళ్ల మ్యాచ్ రైఫిల్, ఐదు కిలోలకి కొంచెం తక్కువ. మొదటి మూడు షాట్లూ బాగానే పడ్డాయి. ఆరో షాట్‌కి బారెల్ చివర గాల్లో సున్నాలు చుట్టడం మొదలైంది. పాప నడుము వెనక్కి విల్లులా వంచి, మెడ ముందుకి సాగదీసి, ఎలాగో కన్నుని సైట్ దాకా, అంటే గురి చూసే భాగం దాకా, తెచ్చుకుంటోంది. నేనేమో రెండు వారాలు "ట్రిగ్గర్ మెల్లగా నొక్కమ్మా" అని తన వేలినే తప్పుపట్టాను. చివరికి ఇంకో కోచ్ వచ్చి, ఏమీ మాట్లాడకుండా టేపు తీసి కొలిచారు. స్టాక్, అంటే భుజానికి ఆనించి పట్టుకునే భాగం, తనకి నాలుగు సెంటీమీటర్లు పొడవు ఎక్కువ. నాకు తల కొట్టేసినట్టయింది.

కొలవడం చాలా తేలిక. పిల్లల మోచేతిని లంబకోణంలో మడవమనండి. రైఫిల్ బట్‌ని, అంటే స్టాక్ వెనక చివరని, మోచేతి మడతలో ఆనించండి. చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీదికి హాయిగా రావాలి. సాగదీస్తే గానీ అందకపోతే స్టాక్ పొడవైనట్టు, వేలు ట్రిగ్గర్ దాటి ముందుకి పోతుంటే పొట్టిదైనట్టు. అర నిమిషం పని. ఎత్తు చూసి అంచనా వేయకండి, ఒకే ఎత్తున్న ఇద్దరు పిల్లల చేతులు ఒకేలా ఉండవు.

తర్వాత బరువు. అంతర్జాతీయ పోటీ నిబంధనల్లో ఎయిర్ రైఫిల్‌కి 5.5 కిలోలు అని రాసి ఉంటుంది. అది దాటకూడదని పెట్టిన హద్దు. మనవాళ్లు కొందరు అదే సరైన బరువనుకుంటారు! పది, పన్నెండేళ్ల పిల్లలకి మూడు కిలోల చుట్టుపక్కల ఉంటే చాలు. అంతకన్నా చిన్నవాళ్లయితే స్టాండ్ మీద ఆనించి కాల్చనివ్వండి, లేదా లేజర్ రైఫిల్‌తో మొదలుపెట్టండి. లేజర్ అంటే బొమ్మ అని తీసిపారేయకండి, మోడర్న్ పెంటాథ్లాన్‌లో 2012 లండన్ ఒలింపిక్స్ నుంచి లేజర్ పిస్టళ్లే వాడుతున్నారు.

సరే, ఇక రైఫిళ్లు.

మొదటిది బారెల్ విరిచి కాక్ చేసే, అంటే స్ప్రింగ్‌ని బిగించే, స్ప్రింగ్ రైఫిల్. అన్నిటికన్నా చవక, అందుకే అందరి చెయ్యీ దీని మీదే పడుతుంది. నేనైతే క్లాసుకి వద్దంటాను. ట్రిగ్గర్ నొక్కగానే లోపల బరువైన పిస్టన్ ముందుకి దూకుతుంది, పెల్లెట్ ఇంకా బారెల్లో ఉండగానే రైఫిల్ అదిరిపోతుంది. ప్రతిసారీ సరిగ్గా ఒకేలా పట్టుకుంటేనే షాట్లు దగ్గర దగ్గరగా పడతాయి. పెద్ద షూటర్లకే అది కష్టం. నేర్చుకునే పిల్లవాడికి షాట్ పక్కకి పోతే తప్పు తనదా, రైఫిల్‌దా అని ఎలా తెలుస్తుంది? పైగా సగం కాక్ చేసి చేయి జారితే బారెల్ విసురుగా వెనక్కి కొడుతుంది, వేళ్లు మధ్యలో ఉంటే అంతే సంగతులు.

రెండోది డెయిజీ 853. పక్కన లివర్ ఒక్కసారి లాగి మూస్తే ఒక షాట్‌కి సరిపడా గాలి నిండుతుంది. సిలిండర్ అక్కర్లేదు, పంపు అక్కర్లేదు. బరువు రెండున్నర కిలోలు. బారెల్ లోథార్ వాల్తర్ వాళ్లది, బాగుంటుంది. అదురు దాదాపు లేదు. లోపాలు? ట్రిగ్గర్ గట్టి. మొదటిసారి నొక్కితే తలుపు గడియ తీస్తున్నట్టుంటుంది. లివర్ కూడా చిన్న చేతులకి బరువే, పదేళ్ల పిల్లలకి పక్కన పెద్దవాళ్లు లాగి ఇవ్వాలి. ప్రతి షాట్‌కీ భుజం మీంచి దించి మళ్లీ నిలబడాలి కాబట్టి క్లాసు నెమ్మదిగా సాగుతుంది. నాకది నచ్చింది, గబగబా కాల్చేసే మగపిల్లల గుంపుకి ఇంతకన్నా మంచి బ్రేక్ లేదు.

మూడోది క్రోస్‌మన్ ఛాలెంజర్. గాలి ముందే సిలిండర్లో నింపి పెట్టుకునే రకం, షూటర్లు పీసీపీ అంటారు. బరువు మూడు కిలోలు దాటుతుంది. నేను దీన్ని ఎందుకు మెచ్చుకుంటానంటే, చూడండి, ఈ స్క్రూ వదులు చేస్తే బట్ వెనక్కీ ముందుకీ జరుగుతుంది. ఇది తిప్పితే చీక్‌పీస్, అంటే చెంప ఆనించే భాగం, పైకి లేస్తుంది. నిమిషంలో పన్నెండేళ్ల పిల్లకి, మరో నిమిషంలో పదిహేడేళ్ల అబ్బాయికి. ఎడమచేతి వాటం వాళ్లకీ పనికొస్తుంది. అన్నట్టు, చేతి వాటం కన్నా కంటి వాటం ముఖ్యం. రెండు చేతులూ కలిపి మధ్యలో చిన్న సందు పెట్టి, అందులోంచి దూరంగా ఉన్న వస్తువుని రెండు కళ్లతో చూడమనండి. ఒక్కో కన్ను మూస్తే, ఏ కన్ను తెరిచినప్పుడు వస్తువు ఇంకా కనపడుతోందో అదే గురి కన్ను. ఈ పరీక్ష మొదటి రోజే చేయండి.

కానీ పీసీపీ కొంటే రైఫిల్ ఒక్కదానితో పని అవ్వదు. గాలి నింపే పెద్ద సిలిండర్ కావాలి, దాని తనిఖీలు, అడాప్టర్లు, ఇవన్నీ ఖర్చులో రాసుకోవాలి. ఇక్కడే మాకు ఒక దెబ్బ తగిలింది. ఒక చోట వాడిన పీసీపీ మ్యాచ్ రైఫిళ్లు తక్కువకి వస్తున్నాయంటే సంబరపడి మూడు తెచ్చాం. బారెళ్లు చూశాం, ట్రిగ్గర్లు చూశాం, స్టాక్ మీద గీతలు కూడా లెక్కపెట్టాం. సిలిండర్ మీద చెక్కిన తేదీ మాత్రం చూడలేదు. ఇలాంటి సిలిండర్లు చాలావాటికి తయారీదారులు పదేళ్ల గడువు పెడతారు. మావి మూడూ గడువు దాటినవే. కొత్త సిలిండర్లు వచ్చేదాకా ఆ రైఫిళ్లు బీరువాలోనే కూర్చున్నాయి. అంతర్జాతీయ పోటీల్లో కూడా సిలిండర్ గడువు చూసుకునే బాధ్యత షూటర్‌దే. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు మొదట టార్చి వేసి ఆ తేదీ చదవండి.

ఇక నాలుగోది, మళ్లీ ఆ పాత 300ఎస్. పాపం దీన్ని తిట్టినట్టే అయింది గానీ అద్భుతమైన యంత్రం. లోపల స్ప్రింగే ఉన్నా, షాట్ పేలగానే యాక్షన్, అంటే బారెల్‌తో సహా పేల్చే యంత్రాంగం, మొత్తం స్టాక్ లోపల పట్టాల మీద వెనక్కి జారుతుంది, అందుకే భుజానికి అదురు తెలియదు. పెద్ద పిల్లలకి, ఒళ్లు నిలబడ్డాక, ఇది హాయి. పదకొండేళ్లకి కాదు.

వాల్తర్ ఎల్‌జీ400, ఫైన్‌వెర్క్‌బౌ 800 లాంటి ఖరీదైనవి ఎప్పుడు అని తల్లిదండ్రులు అడుగుతారు. 2024 పారిస్‌లో మహిళల 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచిన కొరియా అమ్మాయి బాన్ హ్యోజిన్‌కి అప్పటికి 16 ఏళ్లు, షూటింగ్ మొదలుపెట్టి మూడేళ్లే అయింది. ఆ వార్త తర్వాత తల్లిదండ్రుల టెన్షన్ ఇంకా పెరిగింది. నా అభిప్రాయం: క్లాసుకి అలాంటివి ఒకటో రెండో ఉంటే చాలు. పోటీలకి వెళ్లేవాళ్లు వంతులవారీగా వాడుకుంటారు.

పన్నెండు మంది పిల్లలుంటే ఆరు రైఫిళ్లు, ఒకటి అదనం. ఆరుగురు కాలుస్తుంటే మిగతా ఆరుగురు వెనక కూర్చుని నోట్‌బుక్‌లో రాస్తారు. పన్నెండు రైఫిళ్లు కొంటే పన్నెండు మందిని ఒకేసారి చూసుకోవడానికి మీకు కళ్లు చాలవు.

సైట్ల గురించి ఒక్క మాటే. టార్గెట్ మీది నల్ల గుండ్రం 30.5 మిల్లీమీటర్లు. ముందు సైట్‌లో రింగు చిన్నది పెడితే, నలుపు చుట్టూ తెలుపు కనపడక పిల్లలు బిగుసుకుపోతారు. పెద్ద రింగు పెట్టండి.

పెల్లెట్లు సీసంవి. క్లాసు అయ్యాక చేతులు కడుక్కోకుండా ఎవరూ ఏమీ తినకూడదు. రేంజ్‌ని పొడి చీపురుతో ఊడ్చకండి, దుమ్ము లేస్తుంది. రైఫిళ్లు ఒక బీరువాలో, పెల్లెట్లు ఇంకో దాంట్లో, తాళాలు పెద్దవాళ్ల దగ్గర. లైసెన్సు, వయసు నిబంధనలు మీ ప్రాంతంలో ఎలా ఉన్నాయో కొనకముందే కనుక్కోండి.

అయితే నేను దేనికి ఓటేస్తాను? గాలి నింపుకునే ఏర్పాటు ఉంటే ఛాలెంజర్ లాంటి సర్దుకునే పీసీపీ. లేకపోతే 853 లాంటిది, స్పేసర్లతో, అంటే స్టాక్ పొడవు మార్చడానికి బట్ దగ్గర పెట్టే ముక్కలతో.

ఆ పాపకి మేం ఇచ్చింది 853నే. బట్ దగ్గరున్న స్పేసర్లన్నీ తీసేసి ఇచ్చాం. ఆ రోజేమీ పదులు పడలేదు. కానీ నడుము వంచలేదు, నేను చాలనేదాకా రైఫిల్ దించనూ లేదు. తీసిన స్పేసర్లని ఒక డబ్బాలో వేసి తన పేరు రాసి పెట్టాను. ప్రతి మూడు నెలలకీ టేపు తీస్తాం. పోయినసారి కొలిచినప్పుడు డబ్బాలో మిగిలిన ఆఖరి స్పేసర్ కూడా ఎక్కించేశాం. దానికి పొడవాటి స్క్రూ కావాలని అప్పుడే గుర్తొచ్చింది, అది వెతకడానికి క్లాసంతా పట్టింది. మీరు స్క్రూలు కూడా అదే డబ్బాలో వేసి పెట్టుకోండి.