ఫోన్ ఆయుష్షు ఎంత?

శ్రోతలకు నమస్కారం.

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచమంతటా ఐఫోన్లను హడలగొట్టింది. గుర్తున్నవాళ్లు ఉండే ఉంటారు. జ్ఞానం అన్న మాటలో మొదటి అక్షరం ఉంది చూశారా, జ్ఞా, దాని మధ్యలో కంటికి కనపడని సంకేతం ఒకటి చేరితే చాలు. ఆ అక్షరమున్న మెసేజ్ రాగానే యాప్ మూసుకుపోయేది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూసుకుపోయేది. వాట్సాప్, జీమెయిల్, ఫేస్‌బుక్ మెసెంజర్, అన్నిటివీ అవే పాట్లు. తెలుగు ముక్క రానివాళ్లు కూడా కొన్నాళ్లపాటు మన అక్షరానికి భయపడ్డారు. పాపం, ఆ యాప్‌లు రాసినవాళ్ల తప్పేమీ లేదు. అక్షరాలను తెర మీద పేర్చే పని ఆపరేటింగ్ సిస్టమ్‌ది, అంటే ఫోన్ మొత్తాన్నీ నడిపించే మూల సాఫ్ట్‌వేర్‌ది. పొరపాటు అక్కడ జరిగింది. ఆపిల్ కొద్దిరోజుల్లోనే 11.2.6 అనే అప్‌డేట్ పంపింది, గొడవ సద్దుమణిగింది. అప్‌డేట్ అందని ఫోన్ అయితే ఏం చేసేవాళ్లో ఊహించుకోండి.

ఈ సంగతి ఎందుకు ఎత్తానంటే, ఈమధ్య మా మేనకోడలు ఫోన్ చేసింది. గుంటూరు దగ్గర ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. "మామయ్యా, యాప్‌లు చేయడం నేర్చుకుంటున్నాను, ఏ ఫోన్ కొనమంటావు?" అంది. బడ్జెట్ 20 వేలు. అడగడానికి అడిగిందేగానీ అప్పటికే ఒకటి చూసిపెట్టుకుంది. కెమెరా ఇంత, ర్యామ్ ఇంత, అరగంటలో ఛార్జింగ్ అని గడగడా చెప్పేసింది. నేను అడిగింది ఒక్కటే, ఆ ఫోన్‌కి అప్‌డేట్లు ఏ నెల దాకా వస్తాయని. "ఏ నెల అంటే? వస్తాయని పెట్టె మీద రాశారుగా!" అంది.

మామూలుగా ఫోన్ వాడేవాళ్లకు ఇది అంత పెద్ద విషయం కాకపోవచ్చు. యాప్ రాసేవాళ్లకు అలా కాదు. మీరు యాప్ తయారుచేసి గూగుల్ ప్లే స్టోర్‌లో పెట్టాలనుకోండి. ప్లే స్టోర్ ఏటా ఒక గీత గీస్తుంది. 2025 ఆగస్టు 31 నుంచి కొత్త యాప్ పెట్టాలన్నా, పాతదాన్ని సవరించాలన్నా అది ఆండ్రాయిడ్ 15 పద్ధతులకు తగ్గట్టు తయారై ఉండాలన్నారు. అంతకుముందు ఏడాది ఆండ్రాయిడ్ 14 అన్నారు. అంటే పోయినేడు నడిచిన యాప్‌ని కూడా కొత్త పద్ధతుల్లోకి మార్చుకుంటూ ఉండాల్సిందే. ఆ మార్పులు చిన్నవిగా కనిపిస్తాయి, తిప్పలు మాత్రం పెద్దవి. ఒకటి చెబుతాను. ఆండ్రాయిడ్ 15కి తగ్గట్టు కట్టిన యాప్, ఆ వెర్షన్ ఉన్న ఫోన్‌లో, తెర అంచు నుంచి అంచు దాకా పరుచుకుంటుంది. పైన గడియారం, బ్యాటరీ గుర్తు ఉండే పట్టీ కిందికి, అడుగున వెనక్కి వెళ్లే గుర్తులుండే పట్టీ కిందికి కూడా చొచ్చుకుపోతుంది. చూడటానికి బాగుంటుంది. కానీ మీరు తెర అడుగున ఒక బటన్ పెట్టి ఉంటే అది ఆ పట్టీ కింద నక్కుతుంది. అదే యాప్‌ని పాత వెర్షన్ ఫోన్‌లో చూస్తే అంతా చక్కగానే ఉంటుంది. తప్పు మీ కంట పడదు, కొత్త ఫోన్ కొన్నవాళ్ల కంట పడుతుంది.

ఇక ఆ పెట్టె మీది హామీ సంగతి. అప్‌డేట్లలో రెండు రకాలున్నాయి. వెర్షన్ మారడం ఒకటి, 14 నుంచి 15కి, 15 నుంచి 16కి. రెండోది సెక్యూరిటీ ప్యాచ్, అంటే దొంగలు దూరే సందులు మూసే చిన్న అప్‌డేట్. కొన్ని ఫోన్లకు వెర్షన్లు రెండిచ్చి, ప్యాచ్‌లు నాలుగేళ్లు ఇస్తారు. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనిపించేది ఆ నాలుగే. యాప్ రాసేవాళ్లకు ముఖ్యమైనది ఆ చిన్న రెండు. పైగా ఈ లెక్క మీరు కొన్న రోజు నుంచి మొదలవదు, ఆ మోడల్ మార్కెట్‌లోకి వచ్చిన రోజు నుంచి మొదలవుతుంది. పండగ ఆఫర్లో రెండేళ్ల పాత మోడల్ చవగ్గా దొరికిందని సంబరపడితే, దాని ఆయుష్షులో రెండేళ్లు షాపు అలమారాలోనే కరిగిపోయాయన్నమాట. మందుల షాపులో తారీఖు చూసి కొనే మనం ఫోన్ షాపులో ఎందుకు చూడమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అసలు ఇన్నేళ్లు ఇస్తామనడమే కొత్త. 2012లో నోకియా లూమియా 900 ఏప్రిల్‌లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. జూన్‌లోనే చెప్పేశారు, దానికి తర్వాతి వెర్షన్ విండోస్ ఫోన్ 8 రాదని! గూగుల్ సొంత పేరు మీద వచ్చిన గెలాక్సీ నెక్సస్ కథ ఇంకా తమాషా. 2011 చివర్లో వచ్చింది, యాప్‌లు రాసేవాళ్లు ఏరికోరి కొనుక్కున్న ఫోన్. రెండేళ్లు తిరక్కుండానే ఆండ్రాయిడ్ 4.4 వచ్చింది, దీనికి మాత్రం ఇవ్వలేదు. 18 నెలల గడువు దాటిందని గూగుల్ చెప్పింది. ఈలోగా మరో సంగతి జరిగింది. ఆ ఫోన్ లోపలి చిప్ చేసిన టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ 2012లోనే ఫోన్ చిప్‌ల వ్యాపారం నుంచి తప్పుకుంది. కొత్త ఆండ్రాయిడ్ ఏ చిప్ మీద నడవాలన్నా ఆ చిప్‌కి సంబంధించిన కోడ్ కావాలి, అది రాసిచ్చేది చిప్ చేసినవాళ్లే. వాళ్లు చేతులు కడుక్కున్నాక ఫోన్ కంపెనీకి ఎంత మనసున్నా పని జరగడం కష్టం.

మన దేశంలో 2014 సెప్టెంబరులో గూగుల్‌వాళ్లు చవక ఫోన్ల కోసం ఆండ్రాయిడ్ వన్ అని మొదలుపెట్టారు. మైక్రోమాక్స్, కార్బన్, స్పైస్ ఫోన్లు, ధర 6,399 రూపాయల నుంచి. రెండేళ్ల అప్‌డేట్ల హామీ ఆ ధరకి అప్పట్లో వింతే. 2017లో ప్రాజెక్ట్ ట్రెబుల్ అని తెచ్చి ఆండ్రాయిడ్‌నీ, చిప్ తాలూకు కోడ్‌నీ విడదీశారు. కింది అంతస్తు కూల్చకుండా పై అంతస్తు మార్చుకోవడం లాంటిది. అక్కడినుంచి లెక్క పెరుగుతూ వచ్చింది. 2023 అక్టోబరులో గూగుల్ పిక్సెల్ 8కి ఏడేళ్లంది, 2024 జనవరిలో శాంసంగ్ గెలాక్సీ ఎస్24కి ఏడేళ్లంది. అవి ఖరీదైనవి, మా పిల్ల బడ్జెట్‌కి అందవు. అయితే 2024లో వచ్చిన గెలాక్సీ ఏ16 5జీ 20 వేల లోపే ఉండి ఆరు వెర్షన్లు, ఆరేళ్ల ప్యాచ్‌లు అంది. ఇదే కొనమని నేననడం లేదు. ఆ ధరలో కూడా అడగొచ్చని మాత్రం చెబుతున్నాను.

ఐఫోన్ కొంటే ఈ బాధ ఉండదుగా అంటారు కొందరు. నిజమే, 2015లో వచ్చిన ఐఫోన్ 6ఎస్‌కి 2021లో ఐఓఎస్ 15, అంటే ఐఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో అప్పటి కొత్త వెర్షన్ కూడా వచ్చింది. కాకపోతే ఐఫోన్‌కి యాప్ కట్టాలంటే మ్యాక్ కంప్యూటర్ కావాలి. డబ్బు కట్టకుండా మీ ఫోన్‌లో పెట్టుకున్న సొంత యాప్ ఏడు రోజులకే ఆగిపోతుంది. స్టోర్‌లో పెట్టాలంటే ఏడాదికి 99 డాలర్లు. ప్లే స్టోర్‌లో ఒక్కసారి 25 డాలర్లు కడితే సరి. నేర్చుకునే పిల్లలకు ఏది తగినదో వేరే చెప్పక్కర్లేదు.

ఫోనే ఎందుకు, ల్యాప్‌టాప్‌లోనే ఉత్తుత్తి ఫోన్ నడుపుకోవచ్చుగా అని మా బావ అడిగాడు. దాన్ని ఎమ్యులేటర్ అంటారు, ఉచితం. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో మాత్రం ఆయాసపడుతుంది. జేబులో వేడెక్కడం, పొలంలో సిగ్నల్ పోవడం, తడి వేలితో నొక్కడం ఇవేవీ దానికి తెలియవు.

అసలు కిటుకు మాకు మా అమ్మ ఫోన్‌లో తెలిసింది. మా అమ్మ ఊళ్లో పాల కేంద్రానికి పాలు పోస్తుంది. మనవరాలు ఆమె కోసమే పాల లెక్క యాప్ కట్టింది. పొద్దున ఎన్ని లీటర్లు, సాయంత్రం ఎన్ని, వెన్న శాతం ఎంత. సాయంత్రం అయిదింటికి లెక్క రాయమని గంట మోగుతుంది. మోగాలి మరి! అమ్మ ఫోన్ ఆండ్రాయిడ్ 9 దగ్గరే ఆగిపోయింది. బ్యాటరీ మిగల్చాలని ఆ ఫోన్ వెనకాల నడిచే యాప్‌లన్నిటినీ గొంతు నులిమేస్తుంది. మూడు రోజులు గంట మోగలేదు. అటు మా పిల్ల వాళ్ల నాన్న కొత్త ఫోన్‌లోనూ మోగలేదు, అక్కడ కారణం వేరు. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్ పంపాలంటే యాప్ ముందు అనుమతి అడగాలి. మా పిల్ల ఆ ప్రశ్న రాయడం మరిచిపోయింది. రెండు ఫోన్లూ మౌనమే, రెండు వేర్వేరు మౌనాలు. రెండూ చేతిలో లేకపోతే దొరికేవి కావు. అందుకే, కొత్త ఫోన్ కొన్నాక పాతది ఎక్స్చేంజ్‌లో ఇవ్వొద్దన్నాను. ఇచ్చే పదిహేను వందల కంటే అది ఇంట్లో ఉంటేనే విలువ.

పోయిన ఆదివారం ఇద్దరం షాపుకి వెళ్లాం. పిల్ల ల్యాప్‌టాప్ సంచిలో వేసుకునే వచ్చింది. అక్కడి కుర్రాడు కెమెరా గురించి మొదలుపెట్టాడు. మా పిల్ల మాత్రం సెట్టింగ్స్‌లోకి వెళ్లి ముందు సెక్యూరిటీ ప్యాచ్ తారీఖు చూసింది. తర్వాత బిల్డ్ నంబర్ మీద గబగబా ఏడుసార్లు నొక్కింది. మీరిప్పుడు డెవలపర్ అయ్యారని తెర మీద పడింది, అంటే యాప్ రాసేవాళ్ల కోసం దాచిన సెట్టింగ్స్ తెరుచుకున్నాయన్నమాట. కుర్రాడు కంగారుపడి, "మేడమ్, ఏం చేశారు?" అన్నాడు. ఏం కాదు బాబూ అని నేను సర్దిచెప్పేలోగా, ల్యాప్‌టాప్ నుంచి యాప్ ఎక్కించనిచ్చే యూఎస్‌బీ డీబగ్గింగ్ పెట్టి, కేబుల్ తగిలించి, పాల లెక్క యాప్ అందులోకి ఎక్కించేసింది. తెరిచి చూస్తే, అడుగునున్న సేవ్ బటన్ సగం పట్టీ కిందికి దిగిపోయి ఉంది.

"మామయ్యా, బటన్ పోయింది చూడు!" అంటూ కుర్రాడి వైపు తిరిగి, "ఇదే ఇవ్వండి" అంది.

సెలవు. నమస్కారం.