తెల్లవాళ్ల వ్యవహారాల మంత్రి

మిత్రులారా, నమస్కారం. ఇప్పుడు మనం చూడబోయే ‘బాబాకియూరియా’ నిడివి సుమారు అరగంట. డాక్యుమెంటరీ వేషం కట్టిన ఈ ప్రహసనాన్ని 1986లో ఆస్ట్రేలియాలో తీశారు.

యూనిఫాంలు తొడుక్కున్న ఆదివాసులు పడవ దిగుతారు. ఒడ్డున తెల్లవాళ్లు మాంసం కాల్చుకుంటూ సెలవు గడుపుతుంటారు. ఈ చోటును ఏమంటారని నాయకుడు అడుగుతాడు. ఒకాయన తెల్లమొహం వేసి ‘బార్బెక్యూ ఏరియా’ అంటాడు. దేశానికి నామకరణం అయిపోయింది! ఇక ఏలేది ఆదివాసులు, ‘స్థానికులు’ తెల్లవాళ్లు. వాళ్ల బాగోగులు చూసేందుకు ఒక మంత్రి కూడా వెలుస్తాడు.

పాత్రలు తారుమారు చేయడం పెద్ద విద్యేమీ కాదు, ఆ నవ్వు రెండు నిమిషాలకే అయిపోతుంది. చివరిదాకా కూర్చోబెట్టేది దురంగా మనికా అనే విలేకరి గొంతు. ఒక ‘సగటు తెల్ల కుటుంబం’తో కలిసి ఉండి, వాళ్ల ఆచారాలను మనకు విడమరచి చెబుతుంది. ఒక్క పరుషమైన మాట అనదు. ఎంత జాలి, ఎంత ఆప్యాయత! ఆ ఇంటి ఆడపిల్లను అధికారులు తీసుకుపోతారు. తల్లిదండ్రులు కొయ్యబారి ఉంటారు. విలేకరి మాత్రం చిరునవ్వు చెదరకుండా అంతా మంచికే అన్నట్టు చెప్పుకుపోతుంది.

అతి అనిపిస్తుందా? ఆస్ట్రేలియాలో 1970ల దాకా ఆదివాసీ పిల్లలను తల్లుల దగ్గరి నుంచి ప్రభుత్వాలే లాక్కుపోయాయి. దానిపై జాతీయ విచారణ నివేదిక వచ్చింది 1997లో. ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2008 ఫిబ్రవరి 13న. ఈ చిత్రం నివేదిక కన్నా 11 ఏళ్లు ముందుంది.

ఆ జాలి గొంతు సినిమాకు పాతదే. 1922లో విడుదలైన ‘నానూక్’ తీసినప్పుడు అమెరికన్ దర్శకుడు రాబర్ట్ ఫ్లాహెర్టీ, తుపాకీతో వేటాడే ఇనూయిట్‌ల (కెనడా మంచు ప్రాంతపు ఆదివాసుల) చేత పాతకాలపు బల్లేలు పట్టించాడు. లోపల వెలుతురు చాలదని మంచు ఇంటిని సగం తెరిచి కట్టించాడు. కథానాయకుడి అసలు పేరు అల్లకరియల్లక్ అయితే, తెర కోసం దాన్నీ మార్చాడు. లోకం దాన్ని గొప్ప డాక్యుమెంటరీగా నెత్తిన పెట్టుకుంది. మనమేమీ తక్కువ తినలేదు లెండి. మన సినిమాల్లో కోయదొర జోస్యం చెప్పి, నాలుగు నవ్వులు పంచి తెర దిగిపోతాడు. ఆయనకు ఇల్లూ వాకిలీ ఉంటాయని ఎవరికీ తోచదు.

అయితే నాకొక అసంతృప్తి ఉంది. ‘బాబాకియూరియా’ రాసిన జెఫ్రీ ఆథర్డెన్, తీసిన డాన్ ఫెదర్‌స్టన్ ఇద్దరూ తెల్లవారే. కాబట్టి నేను రచయిత వైపు కాక, మంత్రి వేషం వేసిన బాబ్ మజా వైపు చూస్తాను. 1970లలో సిడ్నీలోని రెడ్‌ఫర్న్‌లో ఆదివాసీ నాటకరంగాన్ని నిలబెట్టినవారిలో ఆయనొకరు. అధికారపు తీయని మాట ఎలా ఉంటుందో ఆయనకు ఇంకొకరు నేర్పాల్సిన అవసరం లేదు.

కెనడా జాతీయ ఫిల్మ్ బోర్డు 2006లో తెచ్చిన మరో చిత్రంలో ఇనూయిట్‌లే తెల్లవాళ్లపై ‘పరిశోధన’ చేస్తారు. వాళ్ల ప్రేమాయణాలు, మంచు ప్రాంతాల్లో బోర్లాపడిన సాహసయాత్రలు, ఆస్తి పిచ్చి, ఏదీ వదలరు. దాన్ని వచ్చే నెల వేద్దాం.

ఇక లైట్లు ఆర్పుతున్నారు. ఆస్ట్రేలియా యాస కొంచెం ఇబ్బంది పెడుతుంది. అర్థం కాకపోతే పక్కవారిని అడగండి, మంత్రిగారు మాట్లాడుతున్నప్పుడు మాత్రం వద్దు.