ఒంటికి తెలియని బీపీ

శ్రోతలకు నమస్కారం.

ఆ మధ్య ఒక ఆదివారం పొద్దున్న వైజాగ్ తీరాన పెద జాలారిపేటలో బీపీలు చూస్తూ కూర్చున్నాను. ఇసుకలో నెత్తళ్ళ చేపలు ఆరబోసి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. పట్టీ చుట్టి చూస్తే పై అంకె 172, కింది అంకె 104. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ చూశాను, అంతే ఉంది. ముందు నెలలో చూసినప్పుడూ ఇంచుమించు ఇలాగే ఉంది. మాత్ర మొదలుపెట్టాలమ్మా అన్నాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, "నాకేటీ నేదు బాబూ. తల తిరగదు, గుండె దడ నేదు. చీకటితో లేచి హార్బరుకెళ్ళి సరుకు తెచ్చుకుంటన్నాను. మందెందుకు?" అంది.

చాలామంది డాక్టర్లు దీన్ని మొండితనం అనుకుంటారు. నేననుకోను. అది న్యాయమైన ప్రశ్న. కాలిలో ముల్లు దిగితే తెలుస్తుంది, పంటినొప్పి తెలుస్తుంది. రక్తనాళాల్లో ఇంత ఒత్తిడి ఉంటే ఒంటికి ఎందుకు తెలియదు? దానికి జవాబు గుండెలో కాదు, మెదడులో ఉంది.

చాప మీద పడుకున్న మనిషి లేచి నిలబడ్డాడనుకోండి. ఆ క్షణంలో అరలీటరుకు పైగా రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి దిగిపోతుంది. మెదడుకి అందే రక్తం తగ్గి మనిషి పడిపోవాలి. కానీ పడడు. దవడ ఎముక కిందుగా మెడకి రెండువైపులా మెదడుకి వెళ్ళే పెద్ద రక్తనాళాలున్నాయి. వాటి గోడల్లో, గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని వంపులో, సాగుడు ఎంతుందో కనిపెట్టే నరాల కొసలుంటాయి. ఒత్తిడి తగ్గి గోడ కాస్త వదులైతే చాలు, ఆ కబురు మెదడు అడుగున, వెన్నుపాము మొదలయ్యే చోట ఉన్న మెడుల్లాకి చేరుతుంది. రెండు మూడు సార్లు గుండె కొట్టుకునేలోపు నాళాలు బిగుసుకుంటాయి, గుండె వేగం పెరుగుతుంది. మనం తువ్వాలు భుజాన వేసుకునేసరికి ఇదంతా అయిపోతుంది.

ఇంత చురుకైన కాపలా ఉండి కూడా బీపీ ఎందుకు పెరుగుతుంది? ఒత్తిడి ఒకటి రెండు రోజులు ఎడతెగకుండా ఎక్కువగా ఉంటే ఆ నరాల కొసలు దానికి అలవాటుపడిపోతాయి. కొత్త అంకెనే మామూలు అనుకుని, ఇక దాన్నే కాపాడడం మొదలుపెడతాయి. ఎండుచేపల వాసన వేరే ఊరి నుంచి వచ్చిన చుట్టానికి తెలుస్తుంది గానీ ఆ వీధిలో పుట్టి పెరిగినవాళ్ళకి తెలియదు కదా, అలాగన్నమాట. "నాకేటీ నేదు" అని ఆవిడ అన్నది పూర్తిగా నిజం. ఆవిడ మెదడు ఆవిడకి చెబుతున్నది అదే.

నరాలు క్షణాల్లో చేసే పని ఇది. రోజులు, నెలల తరబడి ఒత్తిడి ఎక్కడ నిలవాలో తేల్చేది మూత్రపిండాలు, వాటిని నడిపే హార్మోన్లు. 1898లో స్వీడన్‌లో టిగర్‌స్టెట్ అనే శాస్త్రవేత్త, ఆయన శిష్యుడు బెర్గ్‌మన్ కుందేలు మూత్రపిండం నుంచి తీసిన రసాన్ని ఇంకో కుందేలుకి ఎక్కిస్తే బీపీ పెరిగింది. ఆ పదార్థానికి రెనిన్ అని పేరు పెట్టారు. ఒత్తిడి తగ్గినా, ఒంట్లో ఉప్పు తగ్గినా, మెదడు నరాల ద్వారా పురమాయించినా మూత్రపిండాలు రెనిన్‌ని వదులుతాయి. కాలేయం తయారుచేసిన ఒక ప్రోటీన్‌ని అది కత్తిరిస్తుంది. ఆ ముక్క ముఖ్యంగా ఊపిరితిత్తుల్లో ఇంకోసారి తెగి యాంజియోటెన్సిన్ టూ అవుతుంది. అది నాళాలను బిగిస్తుంది. మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథి చేత ఆల్డోస్టిరాన్ అనే హార్మోను విడుదల చేయించి ఉప్పుని ఒంట్లోనే ఆపేస్తుంది. మెదడుకి పోయి దాహం పుట్టిస్తుంది. మీ మాత్ర పేరు చివర 'ప్రిల్' అని గానీ, 'సార్టాన్' అని గానీ ఉంటే అది ఈ గొలుసుకే అడ్డుపడుతోంది. ఆ ప్రిల్ మందుల్లో మొదటిదానికి దారి చూపింది బ్రెజిల్ దేశపు ఒక రక్తపింజరి జాతి పాము విషం.

మన వైజాగ్ మే నెల ఉక్క సంగతి మీకు చెప్పక్కర్లేదు. జగదాంబ నుంచి పూర్ణా మార్కెట్ దాకా నడిస్తే చొక్కా పిండుకోవాలి. చెమట పోయి రక్తంలో ఉప్పు సాంద్రత నూటికి ఒకటి రెండు వంతులు పెరిగినా మెదడులో హైపోథాలమస్ అనే భాగం కనిపెడుతుంది. వాసోప్రెసిన్ అనే హార్మోను వదిలి మూత్రం తగ్గించి నీళ్ళు పొదుపు చేస్తుంది.

ఆ హైపోథాలమస్‌లోనే, కొంచెం అవతల, ఆకలి లెక్కలు చూసే కణాలున్నాయి. ఒంట్లో కొవ్వు ఊరికే పడి ఉండదు, లెప్టిన్ అనే హార్మోను తయారుచేసి మెదడుకి కబురు పంపుతుంది. 1994లో దీన్ని కనుగొన్నారు. నిల్వలు చాలు, తిండి తగ్గించు అన్నది ఆ కబురు. దాంతోపాటే అది మూత్రపిండాలకి వెళ్ళే నరాలనూ ఉసికొల్పుతుంది. బాగా లావైనవాళ్ళలో ఆకలి వైపు మెదడు ఈ కబురు వినడం మానేస్తుందనీ, బీపీ వైపు మాత్రం వింటూనే ఉంటుందనీ చాలామంది పరిశోధకుల అభిప్రాయం. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువైతే మూత్రపిండాలు ఉప్పుని ఇంకా పట్టి ఉంచుతాయి. పొట్ట, షుగరు, బీపీ ఒకే మనిషిలో కనబడటం అందుకే అంత మామూలు.

నిద్ర కూడా ఇందులో భాగమే. రాత్రి నిద్రలో బీపీ నూటికి పది ఇరవై వంతులు దిగుతుంది, కార్టిసాల్ అనే హార్మోను నడిరాత్రికి బాగా తగ్గి మెలకువ వేళకి పెరుగుతుంది. గాజువాక వైపు నైట్ షిఫ్టులు చేసే కార్మికులను చూస్తే నాకు బాధేస్తుంది. మెదడులోని గడియారం పడుకోమంటుంటే వాళ్ళు మేలుకుని పనిచేస్తారు, అది లేవమన్నప్పుడు పడుకుంటారు. ఆ వేళల్లో మార్పు వాళ్ళ చేతిలో లేదు. కనీసం బీపీ చూపించుకోవడం వాయిదా వేయవద్దని మాత్రం అడుగుతున్నాను.

ఆవిడకి ఇంత శాస్త్రం చెప్పలేదు. ఎండుచేపల వాసన సంగతి చెప్పాను, నవ్వింది. ఉప్పుచేపని నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి వండుకోమన్నాను. రోజు మొత్తానికి అయిదు గ్రాముల లోపు ఉప్పన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంటే ఒక చిన్న చెంచాడు, కూరలోదీ ఆవకాయలోదీ అంతా కలిపి. మాత్ర వేసుకున్న మొదటి రోజుల్లో లేవగానే తల తేలిపోయినట్టుంటే భయపడొద్దన్నాను. మెడలోని కాపలావాళ్ళు పాత అంకెకి అలవాటుపడి ఉన్నారు, మెల్లగా దిగొస్తారు. అందాకా మంచం అంచున కాసేపు కూర్చుని లేవమన్నాను. అయినా తగ్గకపోతే వచ్చి చెప్పమన్నాను.

మూడో నెలలో ఆవిడ మళ్ళీ వచ్చింది. 136, 84. అంకె చెప్పగానే, "అయితే ఇంక మాత్ర మానేద్దునా బాబూ?" అంది.

"మాత్ర వేసుకుంటున్నావు గనుకే ఇది దిగిందమ్మా. మానేస్తే మళ్ళీ పాత అంకెకి పోతుంది. అప్పుడు కూడా నీకేమీ తెలియదు" అన్నాను.

కాసేపు ఆలోచించింది. కొత్త మాత్రల షీటు తీసుకుని కొంగున ముడివేసుకుంది. ఎండ ముదురుతోందని, నెత్తళ్ళు తిరగెయ్యాలని ఇసుకలోకి దిగి వెళ్ళిపోయింది.