జాంబియా సర్వీస్ ట్రిప్ రివ్యూ: బోరింగు బాగుచేసిన రోజు

అందరికీ నమస్కారం. "అక్కా, ఈ ఆఫ్రికా సర్వీస్ ట్రిప్‌లకు అంత డబ్బు పెట్టి వెళ్లొచ్చా?" అని చాలామంది స్టూడెంట్స్ అడుగుతున్నారు. అంటే ఒక సంస్థకి ఫీజు కట్టి వెళ్లి, అక్కడి ఊళ్లలో సేవా పనులు చేసే ట్రిప్‌లు. 2024 జులైలో నేను అలా జాంబియాలోని లివింగ్‌స్టన్‌కి వెళ్లొచ్చాను. తీసుకెళ్లిన సంస్థ పేరు చెప్పను. ట్రిప్ అంతా కూడా చెప్పను, ఒక్క రోజు గురించి చెప్తాను. ఆ ట్రిప్‌లో ఉన్న మంచీ చెడూ నాకు ఆ రోజే తెలిశాయి.

జులై అక్కడ చలికాలం. పొద్దున్నే స్వెటర్ లేకుండా బయటికి రాలేం. లేచేసరికి కరెంటు లేదు. ఆ ఏడాది వానలు లేక పంటలు ఎండిపోయాయి, ఫిబ్రవరి 29న అధ్యక్షుడు హకైండే హిచిలేమా కరవును జాతీయ విపత్తుగా ప్రకటించారు. కరెంటు తయారయ్యే కరీబా డ్యామ్‌లో నీళ్లు అడుగంటడంతో దేశమంతా కరెంటు కోతలే. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, అలాంటి ఏడాదిలో ఊళ్లో బోరింగు చెడిపోతే జనానికి ఎంత కష్టమో ఊహించుకోండి.

మేం వెళ్లింది కజుంగులా రోడ్డు మీదున్న ఒక పల్లె బడికి. ఆ రోడ్డు మోసి-ఓవా-టున్యా నేషనల్ పార్క్ పక్క నుంచి వెళ్తుంది. ఏనుగులు రోడ్డు దాటుతున్నాయని డ్రైవర్ ఇంజిన్ ఆపేశాడు. పిల్ల ఏనుగు మధ్యలో నిలబడిపోతే తల్లి వెనక్కి వచ్చి తీసుకెళ్లేదాకా కదల్లేదు. కిటికీలోంచి చేయి బయటపెట్టొద్దని గట్టిగా చెప్పాడు. ఆయన మాట వినండి, అక్కడ అది ఊరికే చెప్పే మాట కాదు.

బడి దగ్గర దిగగానే నాకు కళ్లకు కట్టినట్టు మా నల్గొండ పల్లె గుర్తొచ్చింది. ఎదురుగా ఉన్నది అచ్చం మన బోరింగే, ఇండియా మార్క్ టూ! షోలాపూర్‌లో తయారైన పంపును ఆధారం చేసుకుని, 1970ల్లో యూనిసెఫ్ తోడ్పాటుతో మన దేశంలోనే రూపొందించిన చేతిపంపు ఇది. జాంబియా పల్లెల్లో ఎక్కడ చూసినా ఇదే కనిపిస్తుంది. పసుపు క్యాన్లు వరసలో పెట్టుకుని ఆడవాళ్లు ఎదురుచూస్తున్నారు. ఎంతసేపు కొట్టినా సన్నటి ధారే వస్తోంది.

పని నడిపింది మా టీమ్ లీడర్ కాదు, ఆ చుట్టుపక్కల పంపులన్నీ చూసుకునే ఒక ఆవిడ. అక్కడ వాళ్లని ఏరియా పంప్ మెండర్ అంటారు. నడుముకి చితెంగే గుడ్డ చుట్టుకుని, భుజం మీద పనిముట్ల సంచి వేసుకుని వచ్చింది. "మ్వాబుకా బుటి" అని అందరినీ పలకరించింది. పంపు తల మీది మూత తీయగానే లోపలి నుంచి కందిరీగలు లేచాయి. మా వాడొకడిని చెంప మీద కుట్టాయి, వాడి ముఖం వాచిపోయింది. ఎలర్జీ ఉందా అని మా ట్రిప్ నర్సు అడిగి, మందిచ్చి, కళ్లెదుటే కూర్చోబెట్టుకుంది. మెడికల్ విషయంలో ఈ ట్రిప్‌కి నేను పూర్తి మార్కులు ఇస్తాను.

తర్వాత పైపులు పైకి లాగాలి. ఒక్కోటి 3 మీటర్ల ఇనుప పైపు, వరసగా బిగించి ఉంటాయి. పైన క్లాంపు పట్టి ఉంచాలి, రెండు వైపులా స్పానర్లు వేసి అందరూ ఒక్కసారిగా ఎత్తాలి. "పైపు వైపు చూడొద్దు, నా చేయి చూడండి" అంది ఆవిడ. ఆమె చేయి లేస్తే ఎత్తడం, దించితే ఆపడం. మధ్యలో ఒక స్పానర్ జారి పైపుల బరువంతా ఒక్కసారి కిందికి జారింది. నా గుండె ఆగినంత పనైంది! కానీ క్లాంపు పట్టేసింది. ఆవిడ ఆలోపే కాలితో దాన్ని నొక్కి పట్టింది. ఆ బరువు బోరులో పడిపోయి ఉంటే ఊరికి ఆ బోరే పోయేది.

కింది పైపుల్లో ఒకటి తుప్పు తినేసి వేలు పట్టేంత చిల్లు పడింది. పైకొచ్చే నీళ్లలో చాలావరకు అందులోంచి మళ్లీ బోరులోకే కారిపోతున్నాయి. వాషర్లు కూడా అరిగిపోయాయి. మరి కొత్త పైపుకి డబ్బు? మా కోఆర్డినేటర్ ఫోన్ చేసి కనుక్కుంటే, మేం కట్టిన ఫీజులో విడిభాగాల కోసం ఏమీ కేటాయించలేదని తేలింది. ఇది నాకు చాలా బాధగా అనిపించింది. అప్పుడు ఊరి పంపు కమిటీ కోశాధికారి, ఒక పెద్దావిడ, రేకు డబ్బా తెచ్చింది. ఇంటింటా వసూలు చేసిన క్వాచా (అక్కడి డబ్బు) నోట్లు, నలిగిన పుస్తకంలో పేర్లు, ఎవరు ఎంత ఇచ్చారో లెక్క. కరవు ఏడాదిలో వాళ్లు దాచుకున్న డబ్బుతోనే లివింగ్‌స్టన్ నుంచి పైపు వచ్చింది.

పైపు వచ్చేలోపు మాకు భోజనం పెట్టారు. షిమా, మన మొక్కజొన్న సంగటిలాగే ఉంటుంది. గుమ్మడాకు కూరలో పల్లీ పొడి వేసి వండారు. చేత్తో ముద్ద చేసి, బొటనవేలితో గుంత నొక్కి కూర అద్దుకోవాలి. తెలుగువాళ్లకి ఆ భోజనం అలవాటు చేసుకోవడం కష్టమేమీ కాదు, పచ్చడి సీసాలు మోసుకెళ్లక్కర్లేదు.

సాయంత్రానికి పంపు బిగించారు. క్లోరిన్ పోసి, మొదటి నీళ్లు పారబోయించి, ఆ రాత్రి ఎవరూ తాగొద్దని ఆవిడ చెప్పింది. అయినా హ్యాండిల్ కొట్టగానే దబదబా నీళ్లు పడుతుంటే పిల్లల కేకలు వినాలి!

ఇక నా మార్కులు. పదికి ఏడు. స్థానికురాలి చేతి కింద పని నేర్పించినందుకు, భద్రతకు ఈ మార్కులు. మూడు ఎందుకు తగ్గించానంటే, ఒకటి ఆ విడిభాగాల సంగతి. రెండోది, వేరే రోజు మాతో రంగు వేయించిన బడిగోడ అప్పటికే శుభ్రంగా ఉంది. అక్కడి పెయింటర్‌కి కూలి దొరికే పని అది. అనాథాశ్రమంలో కొన్ని రోజులు పిల్లలతో ఆడించే ట్రిప్‌లు కూడా వస్తుంటాయి, వాటికి మాత్రం దయచేసి వెళ్లకండి. అలవాటైన మనిషి మళ్లీ మళ్లీ వెళ్లిపోతుంటే ఆ పిల్లలు తట్టుకోలేరు.

మీరు డబ్బు కట్టేముందు సంస్థని అడగండి: ఫీజులో ఊరికి చేరేది ఎంత, పని చెప్పేది అక్కడివాళ్లా కాదా, మీరు వచ్చేశాక ఆ పని ఎవరు చూస్తారు. రాతపూర్వకంగా జవాబు ఇవ్వకపోతే వదిలేయండి. మలేరియా మాత్రల గురించి వెళ్లేముందే డాక్టర్‌ని కలవండి. అక్కడి ప్లగ్గులు చదునైన మూడు పిన్నులవి, అడాప్టర్ పెట్టుకోండి. విక్టోరియా జలపాతం చూడటానికి ఒక పూట ఉంచుకోండి, జులైలో తుంపర తగ్గి బాగా కనిపిస్తుంది. ఏ ట్రిప్ అనుకుంటున్నారో కామెంట్‌లో రాయండి, ఈ ప్రశ్నలు ఎలా అడగాలో నేను చెప్తాను.