కొత్త ఫోనా, రిటైర్మెంట్ పొదుపా? రెండేళ్లు ఆగితే లెక్క ఎలా మారుతుంది

(తెర మీద: బల్ల మీద ఒక ఫోన్, పక్కన తెల్ల కాగితం, పెన్ను)

ఫోన్లు కొనడం మానేస్తే చాలు, రిటైర్మెంట్‌కి డబ్బుకి డబ్బు మిగులుతుందని చాలామంది చెప్తుంటారు. అది సగమే నిజం. ఒక్క ఫోన్ మానేస్తే ఒరిగేది పెద్దగా ఏమీ లేదు. ఎన్నేళ్లకోసారి మారుస్తున్నారు అన్నదే అసలు లెక్క. ఎవరి డబ్బుకైనా సరిపోయేలా ఫోన్ ధర 100 అనుకుందాం.

(తెర మీద: పెన్నుతో రాస్తూ, 100 ÷ 2 = 50. కింద, 100 ÷ 4 = 25)

రెండేళ్లకోసారి మారిస్తే ఏడాదికి 50 ఖర్చు. నాలుగేళ్లు వాడితే 25. అంటే ఏటా 25 మిగులుతుంది. దాన్ని 30 ఏళ్లపాటు రిటైర్మెంట్ ఖాతాలో వేస్తూ పోండి. ధరల పెరుగుదల పోను ఏడాదికి 4 శాతం రాబడి వచ్చిందంటే చివరికి సుమారు 1,400 అవుతుంది. ఈనాటి విలువలో 14 ఫోన్లు. మీరు వేసింది 750, మిగతాదంతా చక్రవడ్డీ. 4 శాతం వస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. 2 శాతమే వచ్చినా సుమారు 1,000 అవుతుంది.

ఈ 1,400తో రిటైర్మెంట్ గడిచిపోతుందా? గడవదు. అందులోంచి ఏడాదికి 4 శాతం తీసుకుంటే వచ్చేది 56. సగం ఫోన్ కంటే కాస్త ఎక్కువ, అంతే. కాకపోతే ల్యాప్‌టాప్, టీవీ, వాచీ, ఇయర్‌బడ్స్ అన్నింటికీ ఇదే లెక్క. ఇంట్లో నలుగురుంటే నాలుగింతలు.

వయసు కూడా చూడాలి. అదే 4 శాతం మీద, 25 ఏళ్లకు పక్కన పెట్టిన 100 అరవయ్యో ఏటికి దాదాపు 395 అవుతుంది. 45 ఏళ్లకు పెడితే 180 దగ్గరే ఆగుతుంది. చిన్న వయసులో కొన్న ఫోన్ ఖరీదైన ఫోన్ అన్నమాట!

(తెర మీద: "వడ్డీ లేని వాయిదాలు" అని రాసిన కార్డు)

ఇక్కడ చాలామంది జారిపడేది వాయిదాల దగ్గర. ఒకేసారి కడితే 90కి ఇస్తాం, లేదంటే 12 వాయిదాల్లో 100 కట్టండి, వడ్డీ సున్నా అంటారు. వదులుకున్న ఆ 10 ఎక్కడికి పోయింది? అదే వడ్డీ. పదో వంతే కదా అనిపిస్తుంది. కానీ అప్పు నెలనెలా తరుగుతూ ఉంటుంది కాబట్టి ఏడాది పొడవునా మీ చేతిలో 90 ఉండదు, సగటున అందులో సగమే ఉంటుంది. అందుకే అసలు రేటు ఏడాదికి దాదాపు 20 శాతం పడుతుంది. రిటైర్మెంట్ ఖాతాలో ఏ రాబడీ అంత నిలకడగా రాదు. ఇంత రేటుతో నెలనెలా వడ్డీ పడే అప్పు ఏదైనా ఉంటే ముందు అదే తీర్చాలి. ఒక్క మినహాయింపు: మీరు వేసిన దానికి మీ సంస్థ కూడా తన వాటా కలిపే పథకం ఉంటే, ఆ వాటా పూర్తిగా వచ్చేంత వరకు వేయడం ఆపకండి. అంతకంటే మంచి రాబడి దొరకడం కష్టం.

సరే, నాలుగేళ్లు వాడాలంటే ఫోన్ నాలుగేళ్లు పనిచేయాలి కదా.

(తెర మీద: సెట్టింగ్స్‌లో బ్యాటరీ పేజీ. "గరిష్ఠ సామర్థ్యం 78%" మీద వేలు)

ఫోన్ నెమ్మదించింది, ఇక మార్చాల్సిందే అనుకునే ముందు ఈ అంకె చూడండి. లిథియం బ్యాటరీ ముసలిదయ్యాక ఒక్కసారిగా ఎక్కువ కరెంట్ ఇవ్వలేదు. ఫోన్ ఆరిపోకుండా ప్రాసెసర్ వేగాన్ని తగ్గించాల్సి వస్తుంది. కొన్ని ఐఫోన్లలో ఇలా చేస్తున్నామని 2017 డిసెంబరులో యాపిల్ ఒప్పుకుంది కూడా. కొత్త బ్యాటరీ వేయిస్తే ఆ వేగం తిరిగి వచ్చేస్తుంది. సామర్థ్యం 80 శాతం కంటే తగ్గితే బ్యాటరీ మార్చండి, ఫోన్ కాదు. దానికి ఫోన్ ధరలో పదో వంతు ఖర్చయి ఇంకో రెండేళ్లు నడిచిందంటే ఏడాదికి పడేది 5.

స్క్రీన్ అంచు పైకి లేచి కనిపిస్తే మాత్రం బ్యాటరీ ఉబ్బిందేమోనని అనుమానించాలి. నొక్కి సరిచేయొద్దు, చార్జింగ్ పెట్టొద్దు, వెంటనే సర్వీసు వాళ్లకి చూపించండి.

బ్యాటరీ బాగానే ఉందా? అయితే స్టోరేజి చూడండి. నిండిపోయి ఉంటే పదో వంతైనా ఖాళీ చేయండి.

విండోస్ ల్యాప్‌టాప్ అయితే స్టార్ట్ చేశాక టాస్క్ మేనేజర్ (ఏ భాగం ఎంత పనిలో ఉందో చూపే పేజీ) తెరవండి. చాలాసేపటి వరకూ డిస్క్ 100 శాతం దగ్గరే ఉండి, లోపల ఉన్నది తిరిగే హార్డ్ డిస్క్ అయితే దొంగ దొరికినట్టే. దాని బదులు ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, వేయిస్తే సరి. కొనే ముందు మీ ల్యాప్‌టాప్‌లో పట్టేది పాత హార్డ్ డిస్క్ ఆకారంలో ఉండే 2.5 అంగుళాల సాటానో, చిన్న పట్టీలా ఉండే ఎం.2నో చూసుకోండి. ఎం.2లో మళ్లీ డేటా పంపే పద్ధతిని బట్టి సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు రకాలున్నాయి, తప్పు రకం కొంటే పనిచేయదు. ముందు బ్యాకప్ మర్చిపోవద్దు. ఇంకొకటి, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 ఎక్కడం లేదంటే ల్యాప్‌టాప్ పాతబడిందని తేల్చేయకండి. విండోస్ 11 అడిగే భద్రతా భాగం టీపీఎం 2.0 లోపల ఉండి కూడా బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగ్స్‌లో) ఆఫ్ అయి ఉండొచ్చు. ప్రాసెసర్ మరీ పాతదైతే మాత్రం ఆ దారి మూసుకుపోయినట్టే.

(తెర మీద: రెండు ఫోన్లు పక్కపక్కన. ఒకదాని కింద 100, రెండో దాని కింద 60)

ఇక కొనక తప్పని రోజు. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్‌లో బ్యాంకు పనులు చేయడం మంచిది కాదు, అక్కడ పొదుపు చూసుకోకండి. కొనేటప్పుడు ధరను మిగిలి ఉన్న అప్‌డేట్ ఏళ్లతో భాగించండి. ఏడేళ్ల అప్‌డేట్లున్న 100 ఫోన్ ఏడాదికి 14 పడుతుంది. రెండేళ్లే మిగిలిన 60 ఫోన్‌కి 30. చవకదే ఖరీదు! 2023లో పిక్సెల్ 8తో గూగుల్, 2024లో గెలాక్సీ ఎస్24తో శాంసంగ్ ఏడేళ్ల అప్‌డేట్లు ప్రకటించాయి. ఆ ఏడేళ్లు లెక్కపెట్టేది మోడల్ విడుదలైనప్పటి నుంచి, మీరు కొన్న రోజు నుంచి కాదు.

(తెర మీద: క్యాలెండర్, జీతం పడే తేదీ తర్వాతి రోజు చుట్టూ గీత)

ఇంత చేసినా చాలామందికి డబ్బు మిగలదు. ఫోన్ కొనలేదు, ఆ 25 మాత్రం వేరే దేనికో కరిగిపోయింది. అందుకే జీతం పడిన మర్నాడే ఆటోమేటిక్‌గా వెళ్లేలా రెండు బదిలీలు పెట్టుకోండి. ఫోన్ 100, నాలుగేళ్లు అంటే నెలకు సుమారు 2.1 తర్వాతి ఫోన్ కోసం, ఎప్పుడైనా తీసుకోగలిగే మామూలు ఖాతాలోకి. ఇంకో 2.1 రిటైర్మెంట్‌కి. రెండూ ఒకే ఖాతాలో ఉంచితే స్క్రీన్ పగిలిన రోజు చెయ్యి రిటైర్మెంట్ డబ్బు మీదికే పోతుంది. ఇప్పటికే వాయిదాలు కడుతున్నవాళ్లు ఆఖరి వాయిదా తేదీ చూసుకుని, ఆ మరుసటి నెల నుంచి అదే మొత్తం అదే తేదీన ఈ రెండు ఖాతాల్లోకి వెళ్లేలా ఇప్పుడే పెట్టేయండి.